శాంతి శిక్షణకు ఒక మనిషిని పంపాలంటే

తగువులు తీర్చే మధ్యవర్తిత్వం, అహింసా పద్ధతులు, హక్కుల అవగాహన, పదిమందినీ కూడగట్టడం లాంటివి నేర్పే శిక్షణలకు మనుషుల్ని పంపడానికి పెద్ద ట్రస్టు ఉండాల్సిన పని లేదు. కొంతమంది కలిసి నెలనెలా తలా కొంత వేసుకున్నా సరిపోతుంది. మా సంఘంలో అలా నడుస్తున్న చిన్న స్కాలర్‌షిప్ నిధికి లెక్కలు చూసేది నేనే. దరఖాస్తులు చదివి, ఎంపికైనవాళ్లకూ కానివాళ్లకూ ఫోన్ చేసి చెప్పేదీ నేనే. కొత్తగా ఇలాంటిది పెడదామనుకునేవాళ్లు నా దగ్గరకొచ్చి ముందు ఎంత డబ్బు కావాలని అడుగుతారు. అసలు ఆ మనిషి శిక్షణకు వెళ్లకుండా ఏం అడ్డుపడుతోందో ముందు కనుక్కోమని చెబుతాను.

చాలాసార్లు అడ్డు ఫీజు కాదు. అడిగితే ఫీజు తగ్గించే శిక్షణ సంస్థలు చాలానే ఉంటాయి. రానూపోనూ ఛార్జీలు, పని మానుకున్న రోజుల కూలి, ఇంట్లో పసిపిల్లలనో మంచం పట్టిన పెద్దవాళ్లనో చూసుకునే మనిషి లేకపోవడం, ఇవీ ఆపేవి. ఉదాహరణకు, నల్లజాతి హక్కుల కోసం పోరాడిన రోసా పార్క్స్ 1955 వేసవిలో అమెరికాలోని టెనెసీలో ఉన్న హైలాండర్ ఫోక్ స్కూలుకు వెళ్లారు. బడుల్లో జాతి వివక్షను తొలగించడం మీద అక్కడ రెండు వారాల శిక్షణ. ఆమె ఒక డిపార్ట్‌మెంటు స్టోరులో బట్టలు కుట్టే ఉద్యోగి. వర్జీనియా డర్ అనే స్నేహితురాలు పూనుకొని ఆమెకు స్కాలర్‌షిప్ ఇప్పించారు, దారి ఖర్చులూ సమకూర్చారు. అదే ఏడాది డిసెంబరు 1న తన ఊరు మాంట్‌గోమరీలో, బస్సులో తెల్లజాతి ప్రయాణికుడికి సీటు వదలనన్నందుకు ఆమెను అరెస్టు చేశారు. రెండు వారాల శిక్షణే ఆమెను అలా తయారుచేసిందని నేననను. 1943 నుంచే ఆమె నల్లజాతివాళ్ల హక్కుల కోసం పనిచేసే ఎన్.ఏ.ఏ.సి.పి. అనే సంఘం స్థానిక శాఖకు కార్యదర్శిగా పనిచేస్తున్నారు. నేను ఎత్తి చూపేది కూడా అదే. అప్పటికే పనిలో దిగి ఉన్న మనిషిని వెతికి పట్టుకోండి. ఆమెకు అడ్డున్న ఖర్చు మీరు భరించండి.

అందుకే మా నిధిలో ఫీజు, ప్రయాణం, పోయే కూలి, ఇంటి దగ్గర చూసుకునేవాళ్లకు ఇచ్చేది, చేతి ఖర్చు అన్నీ కలిపి లెక్క వేస్తాం. ఆ డబ్బు బయల్దేరే ముందే చేతికిస్తాం. మీరు ముందు పెట్టుకోండి, రసీదులు తెస్తే తర్వాత ఇస్తామనే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. ముందుగా పెట్టుకోగలిగిన మనిషికి మన డబ్బు అంత అవసరం ఉండదు కదా. తిరిగొచ్చాక రసీదులు అడగండి, ఆటో దిగినచోట రసీదు ఇవ్వకపోతే తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి, చాలు. నిధి చిన్నదైతే అయిదుగురికి తలా కాస్త పంచకండి, ఒక్కరికే పూర్తిగా ఇవ్వండి. సగం ఖర్చు దొరికిన మనిషి మిగతా సగానికి అప్పు చేస్తుంది, లేదా వెళ్లడం మానుకుంటుంది.

ఏ శిక్షణకు పంపాలన్నది తర్వాతి మాట. రోటరీ పీస్ ఫెలోషిప్ లాంటి పెద్ద కార్యక్రమాలు మాస్టర్స్ డిగ్రీ చదువుకు ఫీజు, వసతి, ప్రయాణం అన్నీ భరిస్తాయి. అయితే వాటికి డిగ్రీ ఉండాలి, ఇంగ్లీషు బాగా రావాలి. ఆ గడప దాటలేనివాళ్ల కోసమే మన చిన్న నిధి. రెండు మూడు రోజుల వర్క్‌షాపుల్లోనే మన డబ్బుకు విలువ ఎక్కువ. 1975లో న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రీన్ హేవెన్ జైల్లో ఖైదీలూ, శాంతిని నమ్మే క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లూ కలిసి మొదలుపెట్టిన ‘ఆల్టర్నేటివ్స్ టు వయొలెన్స్ ప్రాజెక్ట్’ను చూడండి. ప్రాథమిక స్థాయి, దాని మీద ఇంకొకటి, ఆ తర్వాత శిక్షకులకు శిక్షణ. నేర్చుకున్న ఖైదీలే సాటి ఖైదీలకు నేర్పేవరకూ వెళ్లారు. అలా మెట్లున్న శిక్షణకు నేను ఎక్కువ మార్కులేస్తాను. నిర్వాహకులకు ఫోన్ చేసి, ఉపన్యాసాలు పోను సాధనకు ఎంత సమయమిస్తారో, నేర్పేవాళ్లు ఎప్పుడైనా నిజం తగువులో కూర్చున్నారో లేదో, ఆ తర్వాత సందేహం వస్తే ఎవరితో మాట్లాడాలో అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఇంకో చోటు చూసుకోండి.

దరఖాస్తు ఒక్క పేజీ దాటకూడదు. ఇప్పుడు మీ చుట్టూ ఏం చేస్తున్నారు, ఎక్కడ ఆగిపోతున్నారు, నేర్చుకొచ్చి ఎవరితో పనిచేస్తారు, ఈ మూడూ అడిగితే చాలు. ఏ భాషలో రాసినా తీసుకోండి. రాయడం రానివాళ్లు ఫోన్లో మాట రికార్డు చేసి పంపినా తీసుకోండి. నాకు బాగా గుర్తున్న దరఖాస్తు ఒకటుంది. ‘రెండు కుటుంబాలు మాట్లాడుకోవడం మానేశాయి. పిల్లలది మాత్రం ఒకే బడి. నేను ఇద్దరిళ్లకూ వెళ్తాను. ఒకరి మాట ఇంకొకరికి మోయను. వాళ్లను ఒకచోట కూర్చోబెట్టడం ఎలాగో నాకు రావట్లేదు.’ అంతే రాసింది ఆమె. సామాజిక న్యాయం అన్న మాట అందులో ఎక్కడా లేదు. అయినా రెండు వైపులా నమ్మకం నిలబెట్టుకున్న మనిషని తెలిసిపోతోంది, తనకేం రాదో కూడా తెలుసుకొని ఉంది. ఆ రోజు మిగతా కాగితాల్లో పెద్ద పెద్ద మాటలు చాలా ఉన్నాయి. కమిటీ ఎక్కువ సేపు ఆలోచించలేదు.

సిఫారసు ఉత్తరం కావాలంటే హోదా ఉన్నవాళ్లను అడగొద్దు. ఆ మనిషి ఎవరి మధ్య పనిచేస్తోందో వాళ్లలో ఒకరితో అయిదు నిమిషాలు ఫోన్లో మాట్లాడండి.

కమిటీలో చుట్టరికం, స్నేహం ఉన్నవాళ్ల దరఖాస్తు వచ్చినప్పుడు ఆ సభ్యులు గదిలోంచి లేచి వెళ్లాలి. మినిట్స్‌లో ఆ సంగతి రాయాలి. ఇంతకుముందు స్కాలర్‌షిప్ తీసుకున్నవాళ్లలో ఒకరినైనా కమిటీలోకి తీసుకోండి. వాళ్లకు కనపడేవి మనకు కనపడవు. పెద్ద మొత్తం ఇస్తూ ఫలానా వాళ్లబ్బాయికే ఇవ్వాలని షరతు పెట్టే దాత వస్తే, దండం పెట్టి డబ్బు తిప్పి పంపండి. ఒక్కసారి ఒప్పుకుంటే మళ్లీ ఎవరూ నమ్మి దరఖాస్తు పెట్టరు. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు, ఏడాదికోసారి లెక్కలు అందరి ముందూ చదవడం ఎలాగూ ఉండాల్సినవే. రిజిస్ట్రేషన్, పన్నుల సంగతి మీ దేశపు చట్టం తెలిసిన ఆడిటరును అడగండి.

తిరిగొచ్చిన మనిషిని ఫొటోలు, పొడుగాటి నివేదికలు అడగొద్దు. హక్కుల పని చేసేవాళ్లలో బెదిరింపులు ఎదుర్కొనేవాళ్లుంటారు. వాళ్ల ఇష్టం లేకుండా పేరూ ముఖమూ ఎక్కడా వేయకూడదు. తాము పడ్డ బాధలు దాతల ముందు చెప్పమని ఒత్తిడి చేయడమైతే మరీ అన్యాయం. దానికి బదులు నేర్చుకున్నదాంట్లో ఒక పద్ధతిని పదిమందికి ఒక సాయంత్రం చేసి చూపించమనండి. దానికయ్యే హాలు అద్దె, జిరాక్సుల ఖర్చు స్కాలర్‌షిప్ మంజూరు చేసేటప్పుడే పక్కన పెట్టండి. అప్పటికప్పుడు చూసుకుందామంటే అది జరగదు.

ఎంపిక కానివాళ్లకు ఫోన్ మీరే చేయండి, మెసేజ్ పెట్టి వదిలేయకండి. కారణం ఉన్నదున్నట్టు చెప్పండి. నిధిలో డబ్బు చాలక ఆగిపోయిన దరఖాస్తయితే ఆ మాటే చెప్పి, తర్వాతి శిక్షణ ఎప్పుడో, మళ్లీ కొత్తగా రాయాలో ఇదే కాగితం సరిపోతుందో కూడా చెప్పండి. మేమైతే ఏడాదిపాటు అదే కాగితాన్ని ఉంచుకుంటాం.