సోర్స్ ట్యాగులు ఒకదానితో ఒకటి కలవడం లేదా? ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాలో సమస్యలు - పరిష్కారాలు

ఎవరైనా గీయగల, మార్చగల ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఊరి చెరువు గీసినా, రోడ్డు పేరు మార్చినా ఆ సమాచారం ఎక్కడిదో చెప్పేది సోర్స్ ట్యాగు. ట్యాగుకు రెండు భాగాలు: ముందు కీ (ఇక్కడ సోర్స్), దాని పక్కన విలువ (ఆ మూలం పేరు). అందులో ఏం రాయాలన్నదానికి సర్వరు ఏ నియమమూ పెట్టదు. 255 అక్షరాలు దాటకపోతే చాలు, ఏది రాసినా తీసుకుంటుంది. అందుకే ఒకే ఉపగ్రహ చిత్రానికి పదిమంది పది పేర్లు పెడతారు. రేపు ఆ చోటికి వచ్చే మ్యాపర్ ఏ గీతను నమ్మాలో, దేన్ని సరిచూడాలో తేల్చుకునేది ఈ ట్యాగు చూసే. కాబట్టి సరిచేసే ప్రతిసారీ ఆ మ్యాపర్‌ను గుర్తు పెట్టుకోవాలి. ట్యాగులను ఇక్కడ తెలుగు లిపిలో రాశాం; డేటాలో అవి ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి, టైపు చేయడం కూడా అలాగే.

సమస్య: "బింగ్" అని వెతికితే కొన్నే దొరుకుతున్నాయి

కారణం: ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కేపిటల్ అక్షరం వేరు, స్మాల్ అక్షరం వేరు. కేపిటల్ బీతో మొదలైన బింగ్, స్మాల్ బీతో మొదలైన బింగ్, బింగ్ ఇమేజరీ, అదే మాట మధ్యలో అండర్‌స్కోరుతో, చివర కనబడని ఒక ఖాళీతో: ఇవన్నీ డేటాబేసుకు వేర్వేరు విలువలే. 2010 చివర్లో బింగ్ చిత్రాలను చూసి గీసుకోవడానికి మైక్రోసాఫ్ట్ అనుమతి ఇచ్చాక ఈ పేరు ఇన్ని రూపాల్లో పాకింది. ఎడిటర్ ఇచ్చే సూచనలు కూడా దీనికి తోడవుతాయి. పటాన్ని మార్చే జోస్మ్ అనే ప్రోగ్రాములో టైపు చేస్తుంటే, దించుకున్న డేటాలో అప్పటికే ఉన్న విలువలే ముందుకొస్తాయి. ఒక మండలంలో ఒకరు చేసిన స్పెల్లింగు తప్పు అక్కడ పనిచేసే అందరిదీ అయ్యేది ఇలాగే.

పరిష్కారం: ముందు ట్యాగుల లెక్కలు చూపే ట్యాగ్‌ఇన్ఫో సైటులో సోర్స్ కీ తెరిచి, విలువల పట్టికలో ఎన్ని రూపాలున్నాయో చూడండి. తర్వాత డేటాను వెతికిపెట్టే ఓవర్‌పాస్ టర్బో సైటులో మీ ప్రాంతం వరకే వెతకండి. సమానం గుర్తు పెడితే అచ్చంగా అదే విలువ ఉన్నవే వస్తాయి. దాని బదులు టిల్డా గుర్తు (~) పెట్టి, విలువ తర్వాత కామా, స్మాల్ ఐ చేరిస్తే కేపిటల్, స్మాల్ తేడా లేకుండా అన్నీ వస్తాయి. ఫలితాన్ని జోస్మ్‌లోకి పంపాలంటే క్వెరీ చివర "అవుట్ మెటా" ఉండాలి, గీతల నోడ్లను, అంటే గీతను కట్టే బిందువులను, తెచ్చే > గుర్తూ ఉండాలి. మొదటిది మరిస్తే వెర్షన్ నంబర్లు రావు, అప్‌లోడ్ కుదరదు. రెండోది మరిస్తే గీతలు అసంపూర్తిగా వస్తాయి. విలువకు ముందూ వెనకా ఉన్న ఖాళీలను జోస్మ్ వాలిడేటరే పట్టి చూపిస్తుంది.

విలువలన్నీ చూసినా లెక్క కుదరకపోతే కీని అనుమానించండి. కేపిటల్ ఎస్‌తో, బహువచనంతో, ఒక అక్షరం జారిపోయి రాసిన కీలు విలువల వెతుకులాటలో ఎప్పటికీ దొరకవు.

సమస్య: ట్యాగు ఒకటి చెబుతోంది, గీత ఇంకోటి చెబుతోంది

ఎక్కువ నష్టం చేసేది ఇదే. రోడ్డు మీద సోర్స్ యాహూ అని ఉంటుంది. యాహూ చిత్రాలు వాడుకునే వీలు 2011 సెప్టెంబరులోనే ఆగిపోయింది. గీత చూస్తే మాత్రం నిరుడు వచ్చిన చిత్రం మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంటుంది.

కారణం: ఆబ్జెక్టు (పటంలోని రోడ్డు, భవనం లాంటిది) మీది ట్యాగు తనంతట తాను మారదు. తర్వాత వచ్చినవాళ్లు గీతను సరిచేస్తారు, ట్యాగు జోలికి పోరు. పైగా గీతను రెండుగా కోస్తే పాత ట్యాగు రెండు ముక్కలకూ అంటుకుంటుంది. రెండు గీతలను కలిపినప్పుడు విలువలు సెమీకోలన్‌తో జతకావచ్చు. అప్పుడు ఏ సగం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

పరిష్కారం: జోస్మ్‌లో గీతను ఎంచుకుని కంట్రోల్, హెచ్ నొక్కితే చరిత్ర వస్తుంది. ఇక్కడ చాలామంది మోసపోతారు: నోడ్లను మాత్రమే జరిపితే గీత వెర్షన్ నంబరు పెరగదు. గీత చరిత్రలో 2010 నాటి వెర్షనే ఆఖరిది కావచ్చు, దాని నోడ్లు మాత్రం నిన్న జరిపినవి కావచ్చు. అందుకే నాలుగైదు నోడ్ల చరిత్ర కూడా తెరిచి చూడాలి. ఆకారం మొత్తం కొత్త చిత్రం నుంచే వచ్చిందని తేలితే, మీరు ఆ గీతకు ఎలాగూ చేసే మార్పుతో పాటు పాత ట్యాగును తీసేయండి. కొత్త మూలాన్ని చేంజ్‌సెట్ (ఒకరు కలిపి అప్‌లోడ్ చేసిన మార్పుల మూట) మీద రాయండి. 2009 ఏప్రిల్‌లో ఏపీఐ (ప్రోగ్రాములు సర్వరుతో మాట్లాడే పద్ధతి) 0.6 తో చేంజ్‌సెట్లు వచ్చినప్పటి నుంచి మూలం రాయడానికి సరైన చోటు అదే: ఏ రోజు, ఎవరు, దేన్ని చూసి చేశారో కలిసే ఉంటాయి, పాతబడినా అబద్ధం కావు.

ఆబ్జెక్టు మీదే రాయక తప్పని సందర్భాలూ ఉన్నాయి. ఊరి హద్దు చిత్రం చూసి గీశారు, ఊరి తెలుగు పేరు బస్టాపు బోర్డు చూసి రాశారనుకోండి. రెంటికీ కలిపి ఒకే సోర్స్ పెడితే ఏది దేనిదో తెలియదు. పేరుకు "సోర్స్:నేమ్", ఆకారానికి "సోర్స్:జామెట్రీ" అని విడివిడిగా పెట్టండి.

తేదీ సంగతి మన రాష్ట్రాల్లో ఇంకా ముఖ్యం. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. జిల్లా సరిహద్దు మీద "ప్రభుత్వ గెజిట్" అని మాత్రమే ఉంటే అది ఏ విభజన నాటిదో తేలదు. "సోర్స్:డేట్" తప్పకుండా రాయండి. చిత్రాల విషయంలో అప్‌లోడ్ చేసిన తేదీ వేరు, ఉపగ్రహం ఫొటో తీసిన తేదీ వేరు. రాయాల్సింది రెండోది. బ్రౌజరులో పనిచేసే ఐడీ ఎడిటర్‌లో బ్యాక్‌గ్రౌండ్ సమాచార ప్యానెల్‌లో, జోస్మ్‌లో చిత్రం మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే టైల్ వివరాల్లో, అందుబాటులో ఉన్నప్పుడు ఆ తేదీ కనిపిస్తుంది.

సమస్య: ఒకే విలువలో నాలుగైదు మూలాలు

కామా, స్లాషు, ప్లస్ గుర్తు, "మరియు" అంటూ ఎవరికి తోచినట్టు వాళ్లు కలుపుతారు. అందరూ ఒప్పుకున్నది సెమీకోలన్ ఒక్కటే. డేటాను విడగొట్టే ప్రోగ్రాములు చూసేదీ దాన్నే. మూడుకు మించి మూలాలు చేరుతున్నాయంటే ఆ ట్యాగు ఆబ్జెక్టు మీద ఉండదగినది కాదని అర్థం, చేంజ్‌సెట్‌కు మార్చండి.

సమస్య: చేంజ్‌సెట్ మీద సోర్స్ ఖాళీగా ఉంది, లేదా తప్పుగా ఉంది

కారణం: జోస్మ్ అప్‌లోడ్ కిటికీలో గతసారి రాసిన మూలం మళ్లీ దర్శనమిస్తుంది, చూడకుండా నొక్కేస్తాం. ఐడీలో అయితే మార్పు చేసే వేళ వెనక ఏ చిత్రం ఉందో "ఇమేజరీ యూజ్డ్" అనే ట్యాగులో దానంతటదే నమోదవుతుంది. అది సోర్స్‌కు బదులు కాదు. జీపీఎస్ ట్రాక్ చూసి గీసినా, వెనక బింగ్ ఉంటే బింగ్ అనే పడుతుంది.

పరిష్కారం: జోస్మ్‌లో సోర్స్ గడి పక్కన ఉన్న, ప్రస్తుత లేయర్ల నుంచి తెచ్చుకునే లింకును వాడి, అక్కరలేనివి చెరిపేయండి. ఐడీలో సేవ్ చేసేటప్పుడు సర్వేనా, స్థానికంగా తెలిసినదా, జీపీఎస్సా అన్నది మీరే రాయండి. ఒకసారి మూసిన చేంజ్‌సెట్ ట్యాగులను మార్చడం కుదరదు. దాని చర్చలో ఒక వ్యాఖ్యగా సరైన మూలం రాసి పెట్టండి, చరిత్ర చూసేవాళ్లకు అది చాలు.

సమస్య: సోర్స్‌లో "గూగుల్" అని ఉంది

ట్యాగు చెరిపేస్తే పని అయిపోయిందనుకోవద్దు. గూగుల్ మ్యాప్స్ నుంచి, వాళ్ల ఉపగ్రహ చిత్రాల నుంచి, స్ట్రీట్ వ్యూ నుంచి ఎక్కించడానికి అనుమతి లేదు. ట్యాగు తీసేస్తే తప్పు పోదు, సాక్ష్యం పోతుంది. అయితే తొందరపడి ఎవరినీ నిందించకండి. గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్ అనే భవనాల డేటాసెట్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడే ఓడీబీఎల్ లైసెన్సు కింద కూడా లభిస్తుంది, దక్షిణాసియా భవనాలు కూడా అందులో ఉన్నాయి. ముందు చేంజ్‌సెట్ చర్చలో ఆ మ్యాపర్‌ను మర్యాదగా అడగండి: ఏది చూసి గీశారు? జవాబు రాకపోయినా, కాపీ చేశానని ఒప్పుకున్నా కాపీహక్కుల ఫిర్యాదులు చూసే డేటా వర్కింగ్ గ్రూప్‌కు చేంజ్‌సెట్ నంబర్లతో తెలియజేయండి. చరిత్రలోంచి కూడా తొలగించగలిగేది వాళ్లే.

సమస్య: చూడటానికి గందరగోళం, కానీ ముట్టుకోవచ్చా?

ఫ్రాన్స్ భవనాల మీద ఆ దేశ పన్నుల శాఖ భూమి రికార్డుల పేరు, నవీకరించిన సంవత్సరంతో సహా ఒక పొడుగాటి వాక్యం సోర్స్‌గా ఉంటుంది. సంవత్సరాన్ని బట్టి, కోలన్ పక్కన ఖాళీని బట్టి దానికి అనేక రూపాలు. అన్నిటినీ ఒకటి చేయాలని చేతులు దురదపెడతాయి. ఆ వాక్యం డేటా ఇచ్చినవారి పేరును ప్రస్తావించడానికి పెట్టినది, ఆ సంవత్సరం నిజమైన సమాచారం. దాన్ని వదిలేయండి. అలాగే మైక్రోసాఫ్ట్ పేరు పక్కన స్లాషుతో బిల్డింగ్ ఫుట్‌ప్రింట్స్ అని ఉంటే అది కంప్యూటర్ గుర్తించిన భవనం, బింగ్ చూసి మనిషి గీసినది కాదు. రెంటినీ "బింగ్" అని కలిపేస్తే ఏ గోడలను మళ్లీ సరిచూడాలో తెలిసే దారి మూసుకుపోతుంది.

సమస్య: వేల ట్యాగులు సరిచేశాను, అన్నీ వెనక్కి తిప్పేశారు

కారణం: ఒక్కో ఆబ్జెక్టునూ కంటితో చూడకుండా వెతికి మార్చడాన్ని ఆటోమేటెడ్ ఎడిట్ అంటారు. ముందుగా చర్చించకుండా చేస్తే దాన్ని రివర్ట్ చేయవచ్చు. ప్రతి ఆబ్జెక్టు వెర్షన్ పెరిగి, ఆఖరి మార్పు తేదీ ఈ రోజుది అవుతుంది. పదేళ్లుగా ఎవరూ చూడని రోడ్డు కొత్తగా సరిచూసినట్టు కనిపిస్తుంది, పాతవాటిని వెతికేవాళ్లు దాన్ని దాటేస్తారు.

పరిష్కారం: నిజంగా అవసరమైతే, ఏ విలువను ఏ విలువగా, ఏ ప్రాంతంలో, ఎన్ని ఆబ్జెక్టుల మీద మారుస్తారో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వికీలో రాసి, ఆ ప్రాంతపు మ్యాపర్ల ముందు పెట్టండి. అభ్యంతరాలకు సమాధానం చెప్పాకే, ఈ పనికోసం తెరిచిన వేరే ఖాతాతో మొదలుపెట్టండి. ఒక చేంజ్‌సెట్‌లో 10,000 మార్పుల వరకు పడతాయి గానీ అంత దూరం వెళ్లొద్దు. జిల్లాకు ఒకటి చొప్పున విడగొడితే, ఎక్కడైనా తప్పు దొర్లినప్పుడు ఆ ఒక్కటే వెనక్కి తిప్పుకోవచ్చు.