లినక్స్ డిస్ట్రో ఎంచుకోవడం ఎలా? ల్యాప్‌టాప్‌కి ఏది, సర్వర్‌కి ఏది

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్, టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ మాడ్యూల్ ఉండాలి. దాంతో బాగానే నడుస్తున్న ల్యాప్‌టాప్‌లు కూడా మూలన పడే పరిస్థితి. వాటిలో లినక్స్ వేద్దామని చూస్తే డిస్ట్రోల (లినక్స్‌కి అవసరమైన ప్రోగ్రాములు జోడించి ఇచ్చే రకరకాల కూర్పుల) పేర్ల జాతర: ఉబుంటు, కుబుంటు, జుబుంటు, లుబుంటు, మింట్, డెబియన్, ఫెడోరా, అల్మా, రాకీ.

వీటి మధ్య అసలు తేడాలు మూడే. ప్యాకేజీలు (ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు) ఏ కుటుంబానివి (డెబ్ లేదా ఆర్‌పీఎమ్), సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయి, తెర మీద ఏ డెస్క్‌టాప్ కనిపిస్తుంది. స్క్రీన్‌షాట్లు చూసి మూడోదాన్ని బట్టి ఎంచుకునేవాళ్లే ఎక్కువ. మేమైతే దాన్ని ఆఖరున చూడమంటాం. డెస్క్‌టాప్ నచ్చకపోతే ఇంకోటి వేసుకోవచ్చు. సపోర్ట్ అయిపోయిన రోజున మాత్రం మళ్లీ మొదటి నుంచీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిన పని పడొచ్చు.

1. ముందు మీ పని లినక్స్‌లో అవుతుందా?

టాలీ ప్రైమ్ విండోస్ ప్రోగ్రామే. డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్‌తో కలిపి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ కూడా అంతే. రోజంతా వాటి మీదే పని చేసే మెషీన్‌ని మార్చకండి. విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో నడిపే వైన్‌లో ఎలాగోలా లాగించొచ్చని చెప్పేవాళ్లుంటారు. నెలాఖరున లెక్కలు మూసే రోజు అది మొరాయిస్తే ఆ చెప్పినవాళ్లు రారు. బ్రౌజర్, ఈమెయిల్, లిబ్రేఆఫీస్, ఆన్‌లైన్ క్లాసులు, ప్రోగ్రామింగ్ ఇవే మీ పనులైతే ముందుకెళ్లండి.

2. మెషీన్‌లో ఏముందో రాసుకోండి

ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది, డిస్క్ హార్డ్ డిస్కా ఎస్‌ఎస్‌డీనా, గ్రాఫిక్స్ కార్డు ఎన్‌విడియాదా. ఈ నాలుగూ చాలు.

8 జీబీ ర్యామ్ ఉంటే ఏ డిస్ట్రో అయినా పర్వాలేదు. 4 జీబీ అయితే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఉన్న మింట్, లేదా ఎల్‌ఎక్స్‌క్యూట్ డెస్క్‌టాప్‌తో వచ్చే లుబుంటు. మామూలు ఉబుంటు 4 జీబీలోనూ ఎక్కుతుంది. కానీ దాని గ్నోమ్ డెస్క్‌టాప్ లాగిన్ అయ్యేసరికే ఒక జీబీకి పైగా తినేస్తుంది, మిగిలింది బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లకు సరిపోదు. 2 జీబీ మెషీన్‌కి లుబుంటు వేసినా అసలు బరువు బ్రౌజర్‌దే కాబట్టి పెద్దగా ఆశలు పెట్టుకోకండి.

హార్డ్ డిస్క్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌కి డిస్ట్రో మార్చడం కన్నా 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ వేయించడమే ఎక్కువ ఫలితమిస్తుంది. రెండూ చేస్తే మరీ మంచిది.

ప్రాసెసర్ 32 బిట్‌ది అయితే దారులు దాదాపు మూసుకుపోయాయి. ఉబుంటు ఎప్పుడో వదిలేసింది. డెబియన్‌లో 32 బిట్ ఇన్‌స్టాలర్ ఉన్న ఆఖరి వెర్షన్ 12. దానికి ఎల్‌టీఎస్ (దీర్ఘకాలిక సపోర్ట్) అప్‌డేట్లు 2028 జూన్ ఆఖరు వరకు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ఆ ఇన్‌స్టాలర్ లేదు.

3. తేదీ చూడండి

ఉబుంటులో రెండు రకాలు. సరిసంఖ్య ఏడాది ఏప్రిల్‌లో వచ్చేవి (20.04, 22.04, 24.04) ఎల్‌టీఎస్‌లు, వీటికి ఐదేళ్ల అప్‌డేట్లు. మధ్యలో ఆరు నెలలకోసారి వచ్చేవాటికి తొమ్మిది నెలలే. డౌన్‌లోడ్ పేజీలో కొత్త నంబర్ పైన కనిపించిందని దాన్నే దింపుకుంటే ఏడాది తిరక్కుండానే మళ్లీ అప్‌గ్రేడ్ పని పడుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటుంది. ఐదేళ్లు అనేది అసలు ఉబుంటుకే. కుబుంటు, జుబుంటు, లుబుంటు లాంటి ఫ్లేవర్ల (వేరే డెస్క్‌టాప్‌తో వచ్చే ఉబుంటు రూపాల) ఎల్‌టీఎస్‌కి మూడేళ్లే. జుబుంటు 24.04నీ, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఉన్న మింట్ 22నీ పక్కపక్కన పెట్టండి. రెండింటి కిందా ఉన్నది ఉబుంటు 24.04 ప్యాకేజీలే, పైన ఉన్నది ఒకే డెస్క్‌టాప్. కానీ మొదటిదాని సపోర్ట్ 2027తో ముగుస్తుంది, రెండోదానిది 2029 దాకా ఉంటుంది. అమ్మానాన్నల ల్యాప్‌టాప్‌లో వేసిచ్చి మళ్లీ రెండేళ్లదాకా ముట్టుకోకూడదనుకుంటే ఏది వేయాలో ఇక వేరే చెప్పక్కర్లేదు.

డెబియన్‌కి మూడేళ్ల పూర్తి సపోర్ట్, ఆపైన రెండేళ్ల ఎల్‌టీఎస్. ఫెడోరా ఆరు నెలలకోసారి వస్తుంది, ఒక్కోదానికి సుమారు 13 నెలలు. కొత్తగా కొన్న ల్యాప్‌టాప్‌లో వైఫై, గ్రాఫిక్స్ పాత కెర్నల్‌కి (హార్డ్‌వేర్‌ని నడిపే లినక్స్ అసలు భాగానికి) తెలియకపోతే ఫెడోరా మంచి దారి. పాత మెషీన్‌కి ఆ హడావుడి అనవసరం. ఆర్చ్ లాంటి రోలింగ్ (వెర్షన్లు లేకుండా ఎప్పటికప్పుడు మారే) డిస్ట్రోలు నేర్చుకోవడానికి బాగుంటాయి. అప్‌డేట్ చేసే ముందు నోటీసులు చదివే ఓపిక లేనివాళ్లకి కాదు.

4. పెన్‌డ్రైవ్ మీద నుంచి నడిపి చూడండి

8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది. ఐఎస్‌ఓని (డిస్ట్రో ఇన్‌స్టాల్ ఫైల్‌ని) దింపాక, ఫైల్ సరిగ్గా దిగిందో తేల్చే ఎస్‌హెచ్‌ఏ256 నంబర్‌ని సైట్‌లో ఇచ్చినదానితో పోల్చండి. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి గెట్-ఫైల్‌హ్యాష్ కొడితే అది వస్తుంది. సగం దిగిన ఫైల్ ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోయినప్పుడు తప్పు మెషీన్‌దేననుకుని గంటలు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. ఐఎస్‌ఓని మామూలు ఫైల్‌లా కాపీ చేస్తే బూట్ కాదు, రూఫస్‌తోనో బలేనా ఎచర్‌తోనో రాయాలి.

ఇన్‌స్టాల్ బటన్ నొక్కకుండా ఓ పావుగంట లైవ్‌లోనే వాడండి. వైఫై దొరుకుతోందా, సౌండ్ వస్తోందా, బ్రైట్‌నెస్ మారుతోందా, మూత మూసి తెరిస్తే మేలుకుంటోందా చూడండి. ఇక్కడ పనిచేయనిది ఇన్‌స్టాల్ చేశాక దానంతటదే బాగుపడుతుందని అనుకోకండి. ఎన్‌విడియా డ్రైవర్, కొన్ని బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లు మాత్రం దీనికి మినహాయింపు. వాటికి విడిగా డ్రైవర్ వేయాలి.

విండోస్‌ని ఉంచుకుని పక్కనే లినక్స్ వేస్తుంటే బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకోండి. ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. లేకపోతే విండోస్ డ్రైవ్‌లు లినక్స్‌లో రీడ్-ఓన్లీగా తెరుచుకుంటాయి.

ఎన్‌విడియా కార్డు, సెక్యూర్ బూట్ (సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని బూట్‌లో ఆపే సెట్టింగ్) రెండూ ఉంటే ఇన్‌స్టాలర్ ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. రీస్టార్ట్ కాగానే నీలం తెర మీద 'ఎన్‌రోల్ మోక్' అని వస్తుంది. అది కొద్ది సెకన్లే ఉంటుంది. అక్కడ ఆ పాస్‌వర్డ్ ఇవ్వకుండా దాటేస్తే డ్రైవర్ ఉండి కూడా లోడ్ కాదు.

తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ మామూలు కీబోర్డ్ సెట్టింగుల్లోనే ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి అలవాటైతే ఐబస్-ఎమ్17ఎన్ ప్యాకేజీ వేసి ఒకసారి లాగౌట్ అయి రండి. మింట్‌లో దీనికి ముందు 'ఇన్‌పుట్ మెథడ్' టూల్‌లో ఐబస్‌ని ఎంచుకోవాలి.

5. సర్వర్‌కి లెక్క వేరు

ఉబుంటు డెస్క్‌టాప్, ఉబుంటు సర్వర్ రెండూ ఒకే రిపాజిటరీల (ప్యాకేజీల గోదాముల) నుంచి ప్యాకేజీలు తీసుకుంటాయి. తేడా ఏమిటంటే సర్వర్‌లో తెర ఉండదు, నెట్‌వర్క్‌ని నెట్‌వర్క్‌మేనేజర్ బదులు నెట్‌వర్క్‌డీ చూసుకుంటుంది, ఇన్‌స్టాలర్ వేరు. సర్వర్ వేశాక డెస్క్‌టాప్ ప్యాకేజీ కూడా ఎక్కిస్తే చాలాసార్లు బూట్ రెండు నిమిషాలు ఆగిపోతుంది. నెట్‌వర్క్ ఇద్దరి చేతుల్లో పడటం, వెయిట్-ఆన్‌లైన్ సర్వీస్ ఎప్పటికీ రాని సంకేతం కోసం 120 సెకన్లు కాచుకుని ఉండటమే కారణం. నెట్‌వర్క్ సెట్టింగులుండే నెట్‌ప్లాన్ ఫైల్‌లో ఒక్కరికే పని అప్పగించండి.

సర్వర్‌కి డిస్ట్రోని మీరు నడపబోయే సాఫ్ట్‌వేరే చాలావరకు తేల్చేస్తుంది. డిస్ట్రో వెర్షన్‌తోపాటు దాని లోపలి ప్రోగ్రాముల వెర్షన్లూ స్థిరపడిపోతాయి. డెబియన్ 12లో పీహెచ్‌పీ 8.2, ఉబుంటు 24.04లో 8.3, డెబియన్ 13లో 8.4. మీ వెబ్‌సైట్ కోడ్‌కి ఏది కావాలో ముందు చూసుకోండి. సాఫ్ట్‌వేర్ కంపెనీ 'రెడ్ హ్యాట్ 9 మీదే సపోర్ట్' అంటే అల్మా 9 లేదా రాకీ 9 వైపు వెళ్లొచ్చు. కానీ ఈ రెండిటినీ సపోర్ట్‌లో లెక్కేస్తారా అని రాతపూర్వకంగా అడగండి. 2021 ఆఖరున, రెడ్ హ్యాట్‌కి ఉచిత రూపమైన సెంట్‌ఓఎస్ 8 ఆగిపోవడంతో వచ్చిన ఖాళీని నింపినవే ఇవి. అల్మా 9కి అప్‌డేట్లు 2032 దాకా ఉన్నాయి.

పాత మెషీన్‌ని సర్వర్ చేస్తుంటే ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్ కొట్టి ఫ్లాగ్స్‌లో ఏవీఎక్స్2 అనే ప్రాసెసర్ ఫీచర్ ఉందో లేదో చూడండి. అది లేకపోతే రెడ్ హ్యాట్ 10, రాకీ 10 అసలు నడవవు. అల్మా 10 మాత్రం అలాంటి ప్రాసెసర్ల కోసం ఇంకో ఐఎస్‌ఓ ఇస్తోంది. 2013లో వచ్చిన నాలుగో జనరేషన్ కోర్ ఐ సిరీస్ నుంచి ఏవీఎక్స్2 ఉంది, కానీ ఆ కాలపు పెంటియం, సెలెరాన్‌లలో లేదు. ల్యాప్‌టాప్‌నే సర్వర్‌గా పెడితే మూత మూయగానే నిద్రపోతుంది. లాగిన్‌డీ కాన్ఫిగ్‌లో హ్యాండిల్‌లిడ్‌స్విచ్ విలువను ఇగ్నోర్‌గా మార్చండి.

512 ఎంబీ ర్యామ్ ఉన్న వీపీఎస్‌కి (అద్దెకు తీసుకునే వర్చువల్ సర్వర్‌కి) డెబియన్ వేయండి. ఆర్‌పీఎమ్ కుటుంబపు ప్యాకేజీ టూల్ డీఎన్‌ఎఫ్ అంత తక్కువ మెమరీలో అప్‌డేట్ మధ్యలోనే కెర్నల్ చేతిలో చచ్చిపోతుంటుంది.

6. ఇన్‌స్టాల్‌లో ఎక్కువమంది పడే గుంటలు

ఉబుంటు సర్వర్‌ని 500 జీబీ డిస్క్ మీద 'నెక్స్ట్, నెక్స్ట్' అంటూ వేసేస్తే కొన్నాళ్లకి డిస్క్ నిండిందని ఎర్రర్ వస్తుంది. డీఎఫ్ కమాండ్ కొట్టి చూస్తే రూట్ (సిస్టమ్ ఉండే ప్రధాన విభాగం) సుమారు 98 జీబీ. మిగతా 400 ఏమైంది? ఎక్కడికీ పోలేదు. ఇన్‌స్టాలర్ డిస్క్ అంతా ఎల్‌వీఎమ్ (విభాగాల సైజు తర్వాత మార్చుకోనిచ్చే పద్ధతి) గ్రూపుకిచ్చి, 200 జీబీ దాటిన డిస్క్‌లో రూట్‌కి 100 జీబీయే కేటాయిస్తుంది. స్నాప్‌షాట్లకు, తర్వాత పెంచుకోవడానికి చోటు ఉంచడం దాని ఉద్దేశం. స్టోరేజ్ పేజీలో ఉబుంటు-ఎల్‌వీ మీద ఎడిట్ నొక్కి సైజు పెంచితే సరి. ఇప్పటికే వేసేసి ఉంటే ఎల్‌వీఎక్స్‌టెండ్‌కి మైనస్ ఆర్ ఆప్షన్ జత చేయండి, లోపలి ఫైల్‌సిస్టమ్ కూడా దాంతోపాటే పెరుగుతుంది. సర్వర్‌ని ఆపక్కర్లేదు.

అల్మా, రాకీలలో ఎస్‌ఈలినక్స్ (ఫైళ్ల మీది లేబుల్‌ని బట్టి అనుమతులిచ్చే రక్షణ) మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. హోమ్ ఫోల్డర్లో తయారుచేసిన సైట్‌ని ఎమ్‌వీ కమాండ్‌తో వెబ్ ఫోల్డర్‌కి జరిపితే పర్మిషన్లు సరిగ్గా ఉన్నా 403 (అనుమతి లేదు) ఎర్రర్ వస్తుంది. జరిపిన ఫైల్ పాత లేబుల్‌తోనే వెళ్లడం వల్ల ఇలా అవుతుంది. ఎస్‌ఈలినక్స్‌నే ఆపేయమనే సలహాలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి, పట్టించుకోకండి. ఆ ఫోల్డర్ మీద రీస్టోర్‌కాన్ నడిపితే చాలు.

ఎల్‌టీఎస్ నుంచి తర్వాతి ఎల్‌టీఎస్‌కి వెళ్లేటప్పుడు ఏప్రిల్‌లోనే తొందరపడకండి. వేసవి దాటాక '.1' వెర్షన్ (24.04కి 24.04.1 లాగా) వచ్చిన తర్వాతే ఉబుంటు కూడా ఆ అప్‌గ్రేడ్‌ని చూపిస్తుంది. దూరంలో ఉన్న సర్వర్‌ని ఎస్‌ఎస్‌హెచ్‌లో (రిమోట్ లాగిన్‌లో) అప్‌గ్రేడ్ చేస్తుంటే, లైన్ తెగితే తిరిగి దూరడానికని అప్‌గ్రేడ్ ప్రోగ్రామ్ 1022 పోర్టులో ఇంకో ఎస్‌ఎస్‌హెచ్ తెరిచి పెడుతుంది. ఆ పోర్టుని ప్రొవైడర్ ఫైర్‌వాల్‌లో ముందే తెరవండి. పని అయ్యాక మూసేయండి.