ఇంటికి ఆనుకొని ఉన్న గ్యారేజీ నుంచి చలి రాకుండా ఇన్సులేషన్ చేయడం ఎలా

చలి ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో గ్యారేజీని ఆనుకొని ఉన్న గది తక్కిన గదుల కన్నా చల్లగా ఉండటం, గ్యారేజీ మీద కట్టిన పడకగదిలో నేల మీద కాలు మోపితే జివ్వుమనడం చాలామందికి అనుభవమే. గ్యారేజీలో ఒక హీటరు పెడితే ఈ ఇబ్బంది తీరుతుందని అనిపించవచ్చు గాని, అది దండుగ ఖర్చు. కారు కోసం పెద్ద తలుపు తెరిచిన ప్రతిసారీ ఆ వేడిగాలి బయటికి పోతుంది. మనం వెచ్చగా ఉంచవలసింది ఇంటిని. కనుక వేడిని ఆపవలసిన చోటు ఇంటికీ గ్యారేజీకీ నడుమ ఉన్న గోడ, పైన గది ఉంటే గ్యారేజీ సీలింగు. డబ్బు, శ్రమ ముందు అక్కడ పెట్టి, ఆ తరువాతే గ్యారేజీ బయటి గోడల గురించి, పెద్ద తలుపు గురించి ఆలోచించాలని నా గట్టి అభిప్రాయం.

ఇన్సులేషన్ కొనడానికి ముందే గాలి చొరబడే సందులను మూయాలి. ఫైబర్‌గ్లాస్ వంటి పదార్థం వేడిని ఆపగలిగేది తన పోగుల మధ్య కదలకుండా నిలిచిన గాలి వల్లనే కాబట్టి, దాని గుండా గాలి వీస్తూ ఉంటే ఎంత మందంగా పరిచినా ప్రయోజనం తగ్గిపోతుంది. ఇంతకన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. చలికాలంలో ఇంట్లోని వెచ్చని గాలి పైకి లేచి పై అంతస్తు సందుల నుంచి బయటికి పోతుంటే, ఆ లోటు పూడ్చుకోవడానికి ఇల్లు కింది భాగాల నుంచి గాలిని లోపలికి లాగుతుంది. ఆ లాగే గాలి గ్యారేజీది అయినప్పుడు దానితో పాటు కారు పొగలోని కార్బన్ మోనాక్సైడ్, పెట్రోలు ఆవిర్లు కూడా పడకగదుల దాకా వస్తాయి. రంగూ వాసనా లేని ఆ విషవాయువు ప్రాణాలు తీయగలదు. అందుచేత పెద్ద తలుపు తెరిచి ఉన్నా సరే, గ్యారేజీలో ఇంజన్‌ను ఆన్ చేసి ఉంచకూడదు, ఇంట్లో పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పక ఉండాలి.

సందులు వెతకడానికి గాలి వీచే చల్లని రోజు అనుకూలం. గ్యాస్ పొయ్యి, గ్యాస్ గీజరు వంటివి ఆపి, కిటికీలు మూసి, వంటింట్లోనూ స్నానాల గదిలోనూ ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేసి, వెలిగించిన అగరుబత్తిని గోడ అడుగున, స్విచ్ బోర్డుల దగ్గర, తలుపు అంచుల వెంట నెమ్మదిగా జరపండి. పొగ చెదిరిన చోట సందు ఉన్నట్లే. గ్యారేజీలో పెట్రోలు ఆవిరి ఉండవచ్చు కనుక ఈ పరీక్ష ఇంటి వైపు నుంచి మాత్రమే చేయాలి. నిప్పును గ్యారేజీలోకి తీసుకుపోకూడదు. సన్నని బీటలకు సీలెంటు (సందులు పూడ్చే జిగురు ముద్ద), పైపులూ తీగలూ దూరిన పెద్ద రంధ్రాలకు మంటను తట్టుకునే రకం ఫోమ్ లేదా సీలెంటు వాడాలి. పొగగొట్టం చుట్టూ మాత్రం మామూలు ఫోమ్ పనికిరాదు. అక్కడ రేకు ముక్క అమర్చి, అధిక వేడిని తట్టుకునే సీలెంటుతో అంచులు మూయాలి.

చాలామంది గమనించకుండా వదిలేసేది దూలాల మధ్య ఖాళీ. గ్యారేజీ సీలింగు దూలాలు నడిగోడ మీదుగా ఇంటి అంతస్తులోకి సాగి ఉంటే, రెండేసి దూలాల నడుమ గోడ పైభాగాన ఒక సొరంగం మిగిలిపోతుంది. గోడలో ఎంత మంచి ఇన్సులేషన్ ఉన్నా చల్లగాలి ఈ సొరంగాల గుండా ఇంటి నేల కిందికి చేరుతుంది. ప్రతి ఖాళీలోనూ గోడకు సరిగ్గా ఎగువన గట్టి ఫోమ్ పలకను కొలత ప్రకారం కోసి నిలబెట్టి, నాలుగు అంచులా ఫోమ్‌తో మూయాలి. ఇందుకోసం సీలింగు బోర్డును ఒక వరుస మేర విప్పవలసి రావచ్చు, కాని ఆ శ్రమకు తగిన ఫలితం కనిపిస్తుంది.

ఇన్సులేషన్ సామర్థ్యాన్ని ఆర్-విలువతో కొలుస్తారు, అది ఎంత ఎక్కువైతే వేడిని అంత బాగా ఆపుతుంది. అమెరికా కొలమానంలో అంగుళం మందానికి ఫైబర్‌గ్లాస్ సుమారు 3 నుంచి 4.3, థర్మోకోల్ 4కు దగ్గరగా, గట్టి రకం స్ప్రే ఫోమ్ 6 లేదా అంతకు కాస్త ఎక్కువ ఇస్తాయి. చెక్క చట్రంతో కట్టిన గోడలో 3.5 అంగుళాల లోతు ఉంటే ఆర్-13 లేదా ఆర్-15, 5.5 అంగుళాలు ఉంటే ఆర్-19 లేదా ఆర్-21 పరుపులు (పరుపులా మందంగా వచ్చే ఫైబర్‌గ్లాస్ ముక్కలు) సరిపోతాయి. మందపు పరుపును ఇరుకు ఖాళీలో అణచి కుక్కితే దాని మొత్తం ఆర్-విలువ తగ్గుతుంది. కాగితం పొర ఉన్న రకమైతే చలి ప్రాంతాల్లో ఆ పొర వెచ్చని ఇంటి వైపు ఉండాలి. లేకపోతే ఇంటి తేమ లోపల చేరి నీరుగా మారి చెక్కను పాడుచేస్తుంది. ఇదే సూత్రం ప్రకారం సీలింగులో పొర పైకి ఉండాలి, పరుపు పై గది నేల పలకకు తాకేలా అమరాలి. నడుమ ఖాళీ మిగిలితే అక్కడికి చేరిన చల్లగాలి నేలను మళ్ళీ చల్లబరుస్తుంది. గోడ ఇప్పటికే బోర్డుతో మూసి ఉంటే, రంధ్రాలు చేసి సెల్యులోజును (కాగితపు పీచును) ఒత్తిడితో నింపించవచ్చు. పని ముగిశాక గ్యారేజీ వైపు జిప్సం బోర్డు తప్పనిసరి. ముఖ్యంగా ఫోమ్‌ను తెరిచి వదిలితే అగ్నిప్రమాదానికి చోటిచ్చినట్లే. బోర్డు మందాన్ని స్థానిక నిర్మాణ నియమాలు చూసి నిర్ణయించుకోండి. ఫైబర్‌గ్లాస్ ముట్టుకునేటప్పుడు చేతి తొడుగులు, కళ్ళద్దాలు, మాస్కు వేసుకోవాలి.

ఇంటిలోకి వచ్చే తలుపు బోలుగా కాక గట్టిగా, మంటను తట్టుకునేదిగా ఉండి, దానంతట అదే మూసుకోవాలి. చుట్టూ రబ్బరు పట్టీ, అడుగున గడపకు ఆనే పట్టీ వేయాలి.

పెద్ద తలుపు విషయానికి వస్తే, కింది రబ్బరు, పక్క పట్టీలు మార్చడం చవకైన మంచి పని. రేకు తలుపు లోపలి అరలలో థర్మోకోల్ పలకలు అమర్చవచ్చు గాని, బరువు పెరిగితే స్ప్రింగుల తూకం తప్పుతుంది. తలుపు కిందికి దించి ఉండగా దానికీ మోటారుకూ ఉన్న లంకెను విడదీసి, చేత్తో సగం ఎత్తి చూడండి. తలుపు అక్కడే నిలవకపోతే స్ప్రింగులను సరిచేయించాలి. అవి విపరీతమైన బిగువులో ఉంటాయి కాబట్టి ఆ పని తెలిసినవారికే అప్పగించాలి.

ఒక పరిణామాన్ని ముందే ఊహించాలి. ఇన్నాళ్ళూ ఇంటి నుంచి కారిన వేడే గ్యారేజీని కొంత కాపాడుతూ వచ్చింది. అది ఆగిపోయాక గ్యారేజీ మునుపటి కన్నా చల్లబడుతుంది. అందులో నీటి పైపులు ఉంటే గడ్డకట్టి పగిలే ప్రమాదం ఉంది. నడిగోడలోని పైపులకూ గ్యారేజీకీ మధ్య ఇన్సులేషన్ ఉండేలా చూసి, పైపును ఇంటి వైపు వదిలేయాలి. బయట కనిపించే పైపులకు ఫోమ్ తొడుగు వేసినా అది గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తుందే తప్ప పూర్తిగా ఆపదు కనుక, గడ్డకట్టే చలి మొదలయ్యే లోపు వాటి వాల్వు కట్టేసి, పైపుల్లో మిగిలిన నీళ్ళను బయటికి తీసేయండి.