కారు ఏసీలో ముక్కవాసన: తడి ఎక్కడ నిలిచిందో వెతకండి

వానాకాలంలో ఆరీ ఆరని తువ్వాలు మడతపెట్టేస్తే మర్నాటికి ఎలాంటి వాసన వస్తుందో చెప్పక్కర్లేదు. కారు ఏసీ వేయగానే అదే వాసన ముఖాన కొడుతుంటే మనలో చాలామంది ముందు చేసే పని సెంటు డబ్బా కొనడం. నేనూ కొన్నాను, మల్లెపూల సెంటు. వారం తిరిగేసరికి కారులో మల్లెపూలూ తడి తువ్వాలూ కలిసిన కొత్త కంపు తయారైంది. ఆ తర్వాత ఒక మెకానిక్ "గ్యాస్ తగ్గింది సార్" అని 1,800 రూపాయలు తీసుకుని గ్యాస్ నింపాడు. చల్లదనం అంతకుముందూ బాగానే ఉంది, ఆ తర్వాతా బాగానే ఉంది. వాసన మాత్రం అంగుళం కదల్లేదు.

గ్యాస్‌కీ ఈ వాసనకీ సంబంధం లేదు. కార్ల ఏసీల్లో ఎక్కువగా కనిపించే ఆర్134ఏ అయినా మరొకటైనా, గ్యాస్ మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంది. మనం పీల్చే గాలిని తాకదు. వాసన నీళ్ళ వల్ల వస్తోంది. ఐస్ నీళ్ళు పోసిన గ్లాసు బయట చెమ్మ పట్టినట్టే, డ్యాష్‌బోర్డు వెనక ఉండే కూలింగ్ కాయిల్ మీద గాలిలోని తేమ నీరై కూర్చుంటుంది. కాయిల్ అంటే దగ్గర దగ్గరగా పేర్చిన పల్చటి అల్యూమినియం రేకులు. వాటి మీది నీరు కిందకి జారి, డ్రెయిన్ పైపులోంచి కారు కింద రోడ్డు మీద పడాలి. ఇంజన్ ఆపాక రేకుల మధ్య కొంత తడి మిగులుతుంది, దానికి దుమ్ము అంటుకుంటుంది, పైగా అక్కడ చీకటి. బూజుకి ఇంతకంటే ఏం కావాలి? విజయవాడ, కాకినాడ, విశాఖ లాంటి చోట్ల గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి మా వైపు కార్లకి ఈ జబ్బు మరీ ఎక్కువ. హైదరాబాద్ వాళ్ళకి వానలు మొదలైతే గానీ తెలియదు.

ముందు కాసేపు పరీక్షించండి

సెంటు డబ్బా తీసి బయట పెట్టండి. ఆరుబయట కారు స్టార్ట్ చేసి, అద్దాలు ఎత్తి, ఏసీ వేయండి. కారు బొమ్మలో గుండ్రంగా తిరిగిన బాణం ఉన్న బటన్ నొక్కితే లోపలి గాలే తిరుగుతుంది. మూడు నిమిషాలు అలా చూసి, ఆ బటన్ తీసేసి బయటి గాలి రానివ్వండి. చివరికి ఏసీ ఆపి ఉత్త బ్లోయర్, అంటే గాలి తోసే ఫ్యాన్, తిప్పండి. వాసన ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది? పక్క సీటు కింద మ్యాట్ ఎత్తి కార్పెట్‌ని అరచేత్తో గట్టిగా నొక్కి చూడండి. దిగాక కారు కిందకి తొంగిచూడండి. ఉక్కగా ఉన్న రోజున ఏసీ పావుగంట తిరిగితే, ముందు భాగంలో, చాలా కార్లలో ఎడమ వైపున, చుక్కలు చుక్కలుగా నీళ్ళు పడాలి. పడకపోతే సగం జవాబు దొరికినట్టే.

వేయగానే గుప్పుమని, నిమిషంలో తగ్గిపోతే

ఎక్కువ కార్లలో కనిపించేది ఇదే. కాయిల్ తడి ఆరకుండానే రోజూ కారు ఆపేస్తున్నారన్నమాట. ఇంటి నుంచి ఆఫీసుకి పావుగంట, సాయంత్రం మళ్ళీ పావుగంట. కాయిల్ తడుస్తుంది తప్ప ఆరే ముహూర్తం రాదు.

దీనికి పైసా ఖర్చు లేని మందు ఉంది. చేరడానికి నాలుగైదు నిమిషాల ముందు ఏసీ బటన్ ఒక్కటే ఆపండి, బ్లోయర్ తిరగనివ్వండి, గాలి బయటి నుంచి తీసుకోండి. మాది విజయవాడ పటమట. బెంజ్ సర్కిల్ దాటగానే నా చెయ్యి దానంతటదే ఏసీ బటన్ మీదికి పోతుంది. వెనక సీట్లోంచి "అప్పుడే ఎందుకండీ ఆపేస్తారు" అనే ఫిర్యాదు రోజూ ఉంటుంది. వాసన లేకుండా పోయాక కూడా ఉంది. వాన పడుతుంటే మాత్రం ఈ పని దారిలో చేయొద్దు. ఏసీ ఆపిన వెంటనే కాయిల్ మీది తడి గాలిలో కలిసి ముందు అద్దం మసకబారుతుంది. ఇంటికొచ్చి, బండి ఆరుబయట ఆపాక చేసుకోండి.

ఇప్పటికే వాసన పట్టేసిన కాయిల్‌కి ఈ అలవాటు ఒక్కటే చాలదు. ముందు హీటర్‌తో ఆరబెట్టాలి. కాసేపు నడిపి ఇంజన్ వేడెక్కాక, ఏసీ ఆపి, ఉష్ణోగ్రత మీటని పూర్తిగా ఎర్రగీత వైపు తిప్పి, బ్లోయర్ పెంచి, అద్దాలన్నీ దించి పది నిమిషాలు ఉంచండి. మే నెలలో విజయవాడలో కారు హీటర్ వేసుకున్నవాణ్ణి చూసి పక్కింటివాళ్ళు ఏమనుకున్నా పట్టించుకోకండి. మొదట వాసన పెరుగుతుంది, కంగారు పడొద్దు. మూసిన గ్యారేజీలో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ఇంజన్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

నాలుగైదు రోజులు ఇలా చేసినా వాసన మళ్ళీ వస్తుంటే కాయిల్ కడగాలి. ఏసీ కాయిల్ కోసమే అమ్మే ఫోమ్ డబ్బాలు దొరుకుతాయి, సన్నని గొట్టంతో సహా. ఇంజన్ ఆపేసి, ఏసీ గాలి ఫిల్టర్ (చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది) తీసి, ఆ ఖాళీలోంచి టార్చి వేసి చూడండి. కాయిల్ రేకులు కనిపిస్తే వాటి మీదికి ఫోమ్ కొట్టొచ్చు. కనిపించేది బ్లోయర్ రెక్కలైతే కొట్టొద్దు, మోటారు పాడవుతుంది. అలాంటి కార్లలో డ్రెయిన్ పైపు వైపు నుంచి ఎక్కించాలి, ఆ పని మెకానిక్‌కి వదిలేయడం మేలు. డబ్బా మీద రాసినంతసేపు ఆగితే ఫోమ్ నీరై, మురికితో సహా కారు కింద పడుతుంది. మొదటిసారి నా కారు కింద పడిన నీళ్ళు టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి.

ఇక్కడ చాలామంది వరస తప్పుతారు. డ్రెయిన్ పైపు ముందు, ఫోమ్ తర్వాత, కొత్త ఫిల్టర్ చివర. పైపు మూసుకుని ఉండగా ఫోమ్ కొడితే ఆ మురికి నీళ్ళు కార్పెట్ మీదికి వస్తాయి. కొత్త ఫిల్టర్ ముందే వేస్తే అదీ వాసన పట్టేస్తుంది.

పక్క సీటు కింద తడి, మలుపులో నీళ్ళ చప్పుడు

నా కారుకి ఉన్న అసలు రోగం ఇది. మలుపు తిరిగినప్పుడు డ్యాష్‌బోర్డులోపల బిందెలో నీళ్ళు కదిలినట్టు చప్పుడు. మా ఆవిడ చెప్పులు తడిశాయంటే వాటర్ బాటిల్ ఒలికిందనుకున్నాను. డ్రెయిన్ పైపు మూసుకుపోయి, రోడ్డు మీద పడాల్సిన నీళ్ళు లోపల నిండి, పొర్లి కార్పెట్ కిందకి చేరుతున్నాయి. కార్పెట్ కింద మందపాటి స్పాంజి ఉంటుంది. పైన చెయ్యి పెడితే పొడిగా ఉన్నట్టే ఉంటుంది, నొక్కితే గానీ నీళ్ళు పైకి రావు.

పైపు చాలా కార్లలో ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న గోడ కింది భాగంలో, ఎడమ వైపు, చూపుడువేలంత లావు రబ్బరు గొట్టంగా కనిపిస్తుంది. దుమ్ము, ఆకుముక్కలు చేరి బురదలా గట్టిపడతాయి. పురుగులు గూడు కట్టడం కూడా ఉంది. కారుని ఒక్క జాకీ మీదే నిలబెట్టి కిందకి దూరకండి. సర్వీస్ చేసేచోట లిఫ్ట్ మీద పెట్టించండి. ఇనుప తీగ పెట్టి పొడవనివ్వొద్దు, లోపల కాయిల్‌కి తగిలి చిల్లు పడితే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది. మెత్తటి ప్లాస్టిక్ తీగతో కదిపి, కింది నుంచి మురికిని పీల్పించడం మంచిది. నా పైపు తెరుచుకున్నప్పుడు దాదాపు లీటరు నల్లనీళ్ళు ఒక్కసారిగా దూకాయి.

పైపు బాగుపడినంత మాత్రాన పని అయిపోదు. సీటు తీయించి, కార్పెట్ లేపి, స్పాంజిని ఎండలో ఆరబెట్టాలి. నాకు రెండు ఎండలు సరిపోలేదు, మూడో రోజు కూడా పెట్టాను. అది ఆరకుండా ఏసీ మీద ఎంత ఖర్చు పెట్టినా, లోపలి గాలి తిరిగే బటన్ నొక్కగానే వాసన మళ్ళీ మొదలు.

ఏసీ వాడకపోయినా, వాన పడ్డాకే కార్పెట్ తడుస్తుంటే దోషం ఏసీది కాదు. డోరు రబ్బర్లు, డోరు అడుగున ఉండే చిన్న నీటి రంధ్రాలు, సన్‌రూఫ్ ఉంటే దాని గొట్టాలు చూడండి.

వాసనతో పాటు గాలీ తగ్గితే

ఫిల్టర్. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది, ఐదు నిమిషాల పని. కాగితం ఫిల్టర్‌ని నీళ్ళతో కడిగి మళ్ళీ పెట్టకండి, తడి కాగితం మీద బూజు ఇంకా బాగా పెరుగుతుంది. ఏడాదికోసారి, వానాకాలం వెళ్ళాక మార్చుకుంటే బాగుంటుంది. దుమ్ము రోడ్ల మీద తిరిగేవాళ్ళు ఇంకా ముందే. ఫిల్టర్ అంచు మీది బాణం గాలి వెళ్ళే దిక్కుకి ఉండాలి. కొన్ని పాత కార్లలో, తక్కువ ధర వేరియంట్లలో ఫిల్టర్ పెట్టే చోటు ఉంటుంది గానీ ఫిల్టర్ ఉండదు. మీది అలాంటిదేమో ఒకసారి తెరిచి చూసుకోండి.

బయటి గాలి తీసుకున్నప్పుడే వస్తే

చెట్టు కింద పార్క్ చేసేవాళ్ళ సమస్య. బయటి గాలి వైపర్ల కింది జాలీలోంచి లోపలికి వస్తుంది. కానుగ, వేప ఆకులూ పూతా అక్కడ చేరి, వానకి నాని కుళ్ళుతాయి. బోనెట్ ఎత్తి చేత్తో ఏరేయండి. పైపుతో నీళ్ళు కొట్టి లోపలికి తోయొద్దు.

ముక్కవాసన కాకపోతే

కుళ్ళిన మాంసం కంపు వస్తే ఎలుక చచ్చిందని అర్థం. బ్లోయర్ ఆపేసి, మొదట ఫిల్టర్ పెట్టె లోపల చూడండి. తియ్యటి వాసన, దాంతో పాటు అద్దం మీద జిడ్డు మసక ఉంటే హీటర్‌లోంచి కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) కారుతున్నట్టు. పెట్రోలు వాసనైనా, వైర్లు కాలిన వాసనైనా వస్తే బండి పక్కకి ఆపి దిగిపోండి. అప్పుడు ఈ వ్యాసం పని లేదు, మెకానిక్‌ని పిలవండి.

చేయకూడనివి రెండు

బ్లీచింగ్ నీళ్ళు కాయిల్ మీద చల్లొద్దు, అల్యూమినియాన్ని తినేస్తుంది. కారులో సాంబ్రాణి వేసి, బ్లోయర్ పెట్టి, తలుపులు మూసే వాళ్ళని చూశాను. పొగ జిడ్డు వెళ్ళి తడి కాయిల్ మీదే కూర్చుంటుంది, నిప్పు భయం వేరే.

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు కార్లు సీట్ల దాకా మునిగాయి. అలా మునిగిన కారుకి పైన చెప్పినవేవీ చాలవు. బ్లోయర్ పెట్టె లోపలా, కార్పెట్ కిందా ఒండ్రు పేరుకుపోయి ఉంటుంది, డ్యాష్‌బోర్డు విప్పాల్సిందే. పాత కారు కొనేటప్పుడు లోపల సెంటు ఘాటుగా కొడుతుంటే, ధర మాట్లాడే ముందు స్టెప్నీ గుంతలోనూ, సీటు పట్టాల సందుల్లోనూ ఎండిన ఒండ్రు ఉందేమో వేలు పెట్టి చూడండి.