తుంటి కీలు వదులైన కుక్కను చూసుకోవడం ఎలా?

లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, రాట్‌వైలర్ వంటి పెద్ద జాతి కుక్కలను పెంచేవారు హిప్ డిస్‌ప్లేసియా అనే మాటను ఎప్పుడో ఒకప్పుడు వినక తప్పదు. తొడ ఎముక పైన ఉండే గుండ్రని తల, కటి ఎముకలోని గుంతలో బిగువుగా ఇమడకపోవడమే ఈ లోపం. పుట్టినప్పుడు కూన కీలు మామూలుగానే ఉంటుంది; ఒళ్లు వేగంగా పెరిగే మొదటి నెలల్లో అది వదులై, ఎముక తల గుంత అంచును ఒరుసుకుంటూ ఉండడంతో గుంత లోతు తగ్గి, క్రమంగా మృదులాస్థి అరిగి, కీళ్లవాతం మొదలవుతుంది. అనేక జన్యువుల ప్రభావంతో వంశపారంపర్యంగా వచ్చే లోపం కాబట్టి దీన్ని పూర్తిగా ఆపే ఉపాయం లేదు. అయితే బరువు, తిండి, నేల అనే మూడూ యజమాని చేతిలో ఉన్నవే, మందులకంటే ముందు సరిచేసుకోవలసినవీ అవే.

కుంటడం మొదలయ్యేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. ఐదారు నెలల కూన పరుగెత్తేటప్పుడు వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతుతున్నదా, పడుకుని లేచేటప్పుడు ముందు కాళ్లమీదే బరువు వేసి వెనక భాగాన్ని ఈడ్చుకుంటున్నదా, నిన్నటిదాకా ఎక్కిన మెట్ల దగ్గర నేడు తటపటాయిస్తున్నదా అన్నది గమనించాలి. ఆసుపత్రిలో బెదిరిన కుక్క చాలాసార్లు నొప్పి బయటపడనివ్వదు కాబట్టి, అది మామూలుగా నడుస్తున్నప్పుడు వెనకనుంచి ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీసి వైద్యునికి చూపడం మేలు.

రోగనిర్ధారణకు ఎక్స్‌రే కావాలి. వెనక కాళ్లను తిన్నగా చాచి కదలకుండా ఉంచవలసి వస్తుంది కాబట్టి సాధారణంగా మత్తు ఇచ్చి తీస్తారు. అదే సమయంలో కీలు ఎంత వదులుగా ఉందో చేతితో కదిపి చూస్తారు. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల ఆసుపత్రులలో ఇందుకోసం విచారించవచ్చు. ఎక్స్‌రేలో ఘోరంగా కనిపించే కీలుతో హాయిగా తిరిగే కుక్కలూ ఉన్నాయి, కొద్దిపాటి లోపంతోనే బాధపడేవీ ఉన్నాయి. అందుచేత చికిత్సను నిర్ణయించేటప్పుడు కుక్క నడక, నొప్పి కూడా లెక్కలోకి రావాలి.

బరువు సంగతి అన్నింటికంటే ముఖ్యం. అమెరికాలో 48 లాబ్రడార్లపై జీవితాంతం సాగిన ఒక అధ్యయనంలో, తోబుట్టువులకంటే 25 శాతం తక్కువ తిన్న కుక్కలకు కీళ్లవాతం ఆలస్యంగా వచ్చింది. వాటి మధ్యస్థ ఆయుర్దాయం 13 ఏళ్లు కాగా, ఎక్కువ తిన్నవాటిది 11.2 ఏళ్లు. మన ఇళ్లలో కుక్క బొద్దుగా ఉంటేనే బాగా చూసుకున్నట్టు లెక్క, పైగా గిన్నెలో కొలిచి పెట్టేది ఒకరైతే చాటుగా బిస్కెట్లు, పెరుగన్నం పెట్టేవారు ముగ్గురు. పక్కటెముకలపై వేళ్లను తేలికగా ఆనించి చూడండి: అరచేయి చాచినప్పుడు చేతి వెనకవైపు ఎముకలు తగిలినట్టు అవి తగలాలి. నొక్కితేగాని తగలకపోతే బరువు ఎక్కువైనట్టే. ఇక కాల్షియం సిరప్: పెద్ద జాతి కూనల కోసం తయారైన ఆహారం పెడుతున్నవారు దాన్ని అదనంగా పోయకూడదు. చిన్న కూన శరీరం ఎక్కువైన కాల్షియాన్ని అడ్డుకోలేదు, అది ఎముకల ఎదుగుదలనే చెడగొడుతుంది.

నున్నటి టైల్స్, పాలరాయి, గ్రానైట్ నేలలపై కాళ్లు పక్కలకు జారిన ప్రతిసారీ వదులు కీలుపై ఒత్తిడి పడుతుంది. కుక్క తిరిగే దారి పొడవునా, ముఖ్యంగా తిండిగిన్నె దగ్గరా పడుకుని లేచే చోటా, జారని రబ్బరు చాపలు పరిచి, పాదాల అడుగున పెరిగిన వెంట్రుకలను కత్తిరించండి. మూడు నెలలలోపు కూనను రోజూ మెట్లు ఎక్కించకుండా, మెత్తని మట్టి నేలమీద దాని ఇష్టానికి తిరగనివ్వడం మంచిది. పెద్ద కుక్కకు వారాంతంలో ఒక్కసారిగా బంతి వెంట పరుగులు పెట్టించడంకంటే రోజూ పట్టీతో రెండు మూడు చిన్న నడకలు మేలు, అవీ ఎండాకాలంలో తారురోడ్డు కాలకముందే పూర్తి కావాలి. ఈత వీలైతే కీలుపై బరువు పడకుండానే తొడ కండరాలు బలపడతాయి.

నొప్పికి కార్‌ప్రొఫెన్, మెలాక్సికామ్ వంటివి పశువైద్యుడు చెప్పిన మోతాదులోనే ఇవ్వాలి, దీర్ఘకాలం వాడితే మూత్రపిండాల, కాలేయ పరీక్షలు చేయిస్తుండాలి. మనం వేసుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, పారాసెటమాల్ మాత్రలు సొంతంగా వేయడం ప్రమాదకరం. చేపనూనెతో కొంత మేలుంది. గ్లూకోసమైన్ గురించి దుకాణాలవారు చెప్పేంత బలమైన ఆధారాలు లేవు.

శస్త్రచికిత్సల్లో కొన్నిటికి వయసు గడువు ఉంటుంది. కటి ఎముక ఎదుగుదలను మళ్లించే చిన్న ఆపరేషన్ సుమారు ఐదు నెలలలోపే చేయాలి. ఎముకను కోసి గుంతను తిప్పి అమర్చేది కీళ్లవాతం రాకముందే చేయాలి. ఆ గడువు దాటితే తొడ ఎముక తలను తొలగించడం, లేదా కీలునే మార్చడం మిగులుతాయి. మొదటిది తేలికపాటి కుక్కల్లో మెరుగైన ఫలితమిస్తుంది, రెండోది ఖర్చుతో కూడినది, అందరు వైద్యులూ చేసేది కాదు.

కొత్తగా కూనను కొనేవారు తల్లిదండ్రులిద్దరి తుంటి ఎక్స్‌రేలనూ అడగాలి. అమ్మేవారు చూపే వంశపత్రం జాతిని చెబుతుందేగాని కీలు స్థితిని చెప్పదు. లోపం ఉన్న కుక్క ఎంత అందమైనదైనా, ఎంత సాధువైనదైనా దాన్ని సంతానోత్పత్తికి వాడకూడదు. పెద్ద జాతుల్లో పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌ను ఏడాది నిండాక చేయించడం గురించి వైద్యునితో ముందే మాట్లాడుకోవాలి.