రైస్ కార్డు లేదా? వైద్య సేవకి అర్హత ఉందో లేదో ఇలా చూసుకోండి

కోనసీమలోనో భీమవరం పక్కనో నాలుగెకరాల మాగాణి ఉన్న ఇంటికి రైస్ కార్డు రాదు. దానికి మాగాణి పరిమితి 3 ఎకరాలే. కార్డు లేదు కదా, ఆరోగ్యశ్రీ కూడా ఉండదులే అనుకుని చాలామంది వడ్డీకి తెచ్చి ఆపరేషన్ చేయించేస్తున్నారు. దయచేసి అలా చేయకండి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న ఆ పథకం కొలతలు వేరు.

రైస్ కార్డుకి నెలాదాయం పల్లెలో 10 వేలు, పట్టణంలో 12 వేలు దాటకూడదు. వైద్య సేవకి ఏడాదికి 5 లక్షల దాకా ఉండొచ్చు. రైస్ కార్డున్న వాళ్లకి ఎలాగూ వర్తిస్తుంది, మిగతావాళ్లే లెక్క చూసుకోవాలి.

రైతు ఆదాయానికి కాగితం ఉండదు కాబట్టి ఎకరాలే కొలత. మాగాణి 12 ఎకరాల లోపు, మెట్ట 35 లోపు, రెండూ ఉంటే కలిపి 35 లోపు. డెల్టాలో కాలవ కింద భూమే ఎక్కువ గనక అసలు చూడాల్సింది ఆ 12నే. ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో 1బి (ఎవరి పేరు మీద ఎంత భూమి ఉందో చూపే కాగితం) తీసి ఇంట్లో అందరి పేర్ల మీదున్నదీ కలపండి. భర్తకి 7 ఎకరాల 20 సెంట్లు, భార్యకి పుట్టింటివాళ్లిచ్చిన 5 ఎకరాలు ఉంటే 12 దాటిపోయినట్టే. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకుని, రికార్డు మాత్రం పెద్దాయన పేరునే ఉంచేసిన ఇళ్లలోనే ఎక్కువ చిక్కు వస్తుంది. అందరి వాటా ఆయన ఖాతాలోనే కనిపిస్తుంది. ముందు మ్యుటేషన్ చేయించుకోండి, అంటే రికార్డులో ఎవరి వాటా వాళ్ల పేరుకి మార్పించుకోండి. మీరు కౌలుకి తీసుకున్న చేను గానీ చేపల చెరువు గానీ మీ 1బిలో ఉండదు, దాన్ని కలపక్కర్లేదు.

ప్రైవేటు, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ జీతగాళ్లకీ అదే 5 లక్షలు. ఐటీ రిటర్ను వేసినంత మాత్రాన అర్హత పోదు, అందులో చూపిన ఆదాయం 5 లక్షలు దాటకుండా ఉంటే చాలు. ప్రభుత్వ ఉద్యోగులకీ, ఆ ఉద్యోగం చేసి రిటైరైన పెన్షనర్లకీ వేరే పథకం ఉంది. పట్టణంలో ఆస్తి పన్ను కట్టే ఇల్లు 3000 చదరపు అడుగుల లోపుండాలి. సొంత కారు ఒకటుంటే ఇబ్బంది లేదు, రెండోది ఉంటేనే అడ్డు.

తర్వాత ఆధార్‌లు పట్టుకుని మీ గ్రామ లేదా వార్డు సచివాలయానికి వెళ్లి, మీ కుటుంబం కింద ఎవరెవరున్నారో అడగండి. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ వేరే కాపురం ఉంటున్న కొడుకు ఇంకా మీ ఇంటి లెక్కలోనే ఉంటే, అతని జీతం కూడా మీ ఇంటి ఆదాయంలోనే కలుస్తుంది. కొత్త కోడలు, పసిపిల్లలు నమోదు కాకపోవడం ఇంకో లోపం. జబ్బు రాకముందే సరిచేయించుకోండి, మంచం పట్టాక తిరగడం కష్టం.

70 ఏళ్లు నిండిన వాళ్లకి ఆదాయంతో పని లేదు. ఉచిత వైద్యానికి కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డుకి ఆధార్‌లో వయసు సరిగా ఉంటే చాలు.

నెట్‌వర్క్ ఆసుపత్రికి (వైద్య సేవ వర్తించే ఆసుపత్రికి) వెళ్లగానే, డబ్బు కట్టే ముందే, అక్కడ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర ఆధార్ ఇచ్చి రెండు సంగతులు అడగండి: మా పేరు ఉందా, ఈ చికిత్స జాబితాలో ఉందా. డెస్కులో ఎవరూ లేకపోతే 104కి ఫోన్ చేయండి.