నేల చదవడం, 3వ పాఠం: కర్ర పోయాక మిగిలే గుంట

పోయిన పాఠంలో మట్టి పొరల రంగులు చూశాం. ఈసారి ఆ పొరలను తొలుచుకుని దిగిన గుంజ గుంటలు. కొత్త రాతియుగం వాళ్లు దుంగలు పాతి కట్టిన దడులు ఇప్పుడు నిలబడి లేవు. వాటి గుంటలే దొరుకుతాయి.

తాపీతో నేలను పల్చగా గీకుతుంటే గుండ్రటి నల్లమచ్చ కనబడుతుంది. అంతా తవ్వేయకండి. మధ్యగా గీత గీసి సగమే తవ్వండి. మిగిలిన సగం నిలువుగోడలా ఉండి లోపలి సంగతి చూపిస్తుంది. నడుమ మెత్తటి నల్లమట్టి నిలువు పట్టీలా దిగితే గుంజ అక్కడే కుళ్లింది. దాని చుట్టూ ఉన్న రాళ్లు గుంజ కదలకుండా కూరినవి. బొగ్గుంటే కాలింది. పట్టీ చెదిరి పైన గుంట వెడల్పైతే ఎవరో ఊపి పెరికారు. గుంటకు ఒకపక్క ఏటవాలు ఉంటే మాత్రం ఆగి చూడండి. బరువైన దుంగను అటునుంచి జార్చి నిలబెట్టారన్నమాట.

వేల్స్‌లోని హిండ్‌వెల్‌లో అలాంటి గుంటలే బయటపడ్డాయి. క్రీ.పూ. 2700 ప్రాంతంలో 34 హెక్టార్ల చుట్టూ సుమారు 1400 ఓక్ దుంగలు పాతారు. గుంట లోతు దాదాపు 2 మీటర్లు. గుంజలో మూడోవంతో నాలుగోవంతో భూమిలో ఉంటుందనే లెక్కన, పైకి 4 నుంచి 6 మీటర్లు. రాతి గొడ్డళ్లతో అన్ని చెట్లు నరకడం ఒక్క ఊరి పనిలా లేదు. నాలుగు ఊళ్లలో మాట చెల్లేవాళ్లుండాలి, వచ్చిన జనానికి తిండి పెట్టే మిగులుండాలి. కోట అని మాత్రం తొందరపడి రాయకండి. అంత పొడవు దడికి కాపలా కాయడానికి ఎంతమంది కావాలి?

దడి దేనికో తేల్చాలంటే లోపలి నేల చూడాలి. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) 1957లో పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ అల్చిన్ ఒక బూడిద దిబ్బ తవ్వారు. గుంజ గుంటల వరసల లోపల కాలిన పేడ పొరలు, వాటి మీద పశువుల గిట్టల ముద్రలు. అంటే అది దొడ్డి. తగలబెట్టడం, మళ్లీ దడి కట్టడం పలుమార్లు జరిగింది. ప్రమాదమైతే ఇన్నిసార్లా? పండగ మంటలేమోనని అల్చిన్ ఊహించారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

అభ్యాసం: 60 సెంటీమీటర్ల లోతు గుంట, నడుమ 15 సెంటీమీటర్ల పట్టీ, అడుగున బొగ్గు. సగం కోసినట్టు బొమ్మ గీసి, గుంజ ఎత్తు లెక్కకట్టండి. దడి ఎందుకో చెప్పేముందు, లోపలి నేలలో ఏమేం వెతకాలో మూడు రాయండి. వచ్చే పాఠంలో గిట్టల ముద్రలు.